లైబ్రరీ మేడం, ఒక పీడీఎఫ్ ఉందా?

కొత్త సెమిస్టర్ మొదలైందంటే నా టేబుల్ దగ్గరికొచ్చే లెక్చరర్లు అడిగేది ఒక్కటే. “మేడం, ఈ పేపర్‌కు మంచి పీడీఎఫ్ ఏమన్న ఉంటే చూసిపెట్టండి.” పుస్తకం కావాలని అడిగేవాళ్లు తగ్గిపోయారు. బీరువాల్లో పుస్తకాలు లేక కాదు, ఉన్నవన్నీ పాత సిలబస్‌వి. తెలంగాణలో డిగ్రీకి సీబీసీఎస్ (నచ్చిన పేపర్లు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి), సెమిస్టర్లు వచ్చిన 2016 నుంచి పేపర్ల పేర్లూ యూనిట్లూ మారుతూనే ఉన్నాయి. కొన్న పుస్తకం యాక్సెషన్ రిజిస్టర్‌లోకెక్కి, వీపున నంబరు అంటించుకుని అరలో కుదురుకునేలోపు ఇంకో సిలబస్ కాపీ చేతికొస్తుంది.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. జిల్లా కేంద్రం కూడా కాదు, ఓ మోస్తరు ఊరు. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే ఇంట్లో ఒక్క పేపర్‌కు వందలు పోసి పాఠ్యపుస్తకం కొనమని చెప్పడానికి నోరు రాదు. వాళ్లు కొనేదల్లా పరీక్షల ముందు ఆల్ ఇన్ వన్. అందులో ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది, పాఠం మాత్రం ఉండదు.

పీడీఎఫ్ దొరకడం అసలు సమస్యే కాదు. టెలిగ్రామ్‌లో కుప్పలు. ఎవరో ఫోన్‌తో తీసిన పేజీలు, మధ్యమధ్య వేలి నీడ, ప్రతి పేజీ మీదా ఏదో కోచింగ్ సెంటర్ ముద్ర. పిల్లల ఫోన్లు తెరిచి చూడను, నేను పోలీసును కాను. అయితే కాలేజీ వెబ్‌సైట్‌లోనో, కాలేజీ పేరున నడిచే వాట్సాప్ గ్రూపులోనో ఏదైనా పెట్టాల్సి వస్తే లెక్క మారిపోతుంది. అక్కడ పెట్టినదానికి జవాబుదారీ నేనే.

“ఢిల్లీ కేసు ఉన్నది కద మేడం, జిరాక్స్ తీసుకోవచ్చు కద” అని పొలిటికల్ సైన్స్ సార్ ప్రతి ఏడాదీ గుర్తుచేస్తారు. ఉన్నది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో ఢిల్లీ యూనివర్సిటీ మీదా, అక్కడి రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే జిరాక్స్ షాపు మీదా కేసు వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. డిసెంబరులో డివిజన్ బెంచి కూడా, బోధనకు అవసరమైన మేరకు కాపీ తీయడం కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కింద తప్పు కాదన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు. నాలాంటివాళ్లకు ఆ తీర్పు పెద్ద ధైర్యం. కాకపోతే అది క్లాసులో పాఠం చెప్పడం కోసం తీసే కాపీల గురించిన తీర్పు. దాన్ని చూపించి మొత్తం పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో పెట్టలేం. అందులోని ఒక్క ఉదాహరణను తీసేసి మనది రాసుకుని పదిమందికి పంచనూలేం. నా దృష్టిలో ఈ రెండోదే పెద్ద లోటు.

అందుకే పీడీఎఫ్ అడిగినవాళ్లకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను. “చదువుకోవడానికా సార్, మార్చుకోవడానికా?” చాలామందికి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది.

చదువుకోవడానికైతే మన దేశంలోనే కావలసినంత ఉంది. ఇగ్నో పాఠాలన్నీ ఈజ్ఞానకోశ్‌లో ఉన్నాయి. యూజీసీ వారి ఈ-పీజీ పాఠశాల ఉంది. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియోలున్నాయి. తెలుగులో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు కోఠి పాత పుస్తకాల షాపుల్లో వెతుక్కునేది ఈ రెండింటినే. ఇవేవీ తీసిపారేసేవి కావు. అయితే ఈజ్ఞానకోశ్‌లో ఏ పాఠం తెరిచినా అడుగున చిన్న అక్షరాల్లో సర్వహక్కులూ రక్షితమని ఉంటుంది. అంటే చదువుకోండి, కలం మాత్రం పెట్టకండి అని. అలాంటివాటికి నేను లింకు ఇస్తాను, ఫైలు దించి పంచను.

మార్చుకోవడానికి కావాలంటే లైసెన్సు వాక్యం వెతకాలి. మా వృత్తిలో పుస్తకం చేతికి రాగానే అట్ట తిప్పి పేరుపేజీ వెనక చూడటం అలవాటు. ఇక్కడా అదే అలవాటు పనికొస్తుంది. సీసీ (క్రియేటివ్ కామన్స్) అన్న రెండక్షరాల పక్కన ఏముందో చూస్తాను. బై అంటే రాసినవాళ్ల పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎస్ఏ ఉంటే, మార్చినదాన్ని కూడా అదే షరతుతో వదలాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అంటే పంచుకోవచ్చు కానీ, మార్చినదాన్ని పంచకూడదు. ఎంత మంచి పుస్తకమైనా ఎన్‌డీ కనబడితే నా ఉత్సాహం సగం చల్లారిపోతుంది.

ఇంకో చిక్కుంది. పుస్తకమంతా సీసీ బై అయినా, అందులోని ఒక ఫొటో కింద ‘అనుమతితో ప్రచురించాం’ అని ఉండొచ్చు. ఆ అనుమతి వాళ్లకు ఇచ్చినది, మనకు కాదు. కాబట్టి బొమ్మల కింది చిన్న అక్షరాలు ఒక్కొక్కటీ చదవాలి. కళ్లు పోయే పని.

ఈ మధ్య నాకు బాగా తృప్తినిచ్చిన వెతుకులాట బీఏ మొదటి ఏడాది ఎకనామిక్స్ పేపర్‌ది. ఎకనామిక్స్ సార్ నాకంటే చిన్నవాడు, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసి వచ్చాడు. మనసంతా ‘ది ఎకానమీ’ మీద పెట్టుకుని వచ్చాడు. కోర్ ఎకాన్ అనే బృందం 2017లో తెచ్చిన పుస్తకం అది. గిరాకీ, సరఫరా గీతలతో కాకుండా అసమానతలతో, చరిత్రతో మొదలవుతుంది. నిజంగానే గొప్ప పుస్తకం. నెట్‌లో ఉచితం. లైసెన్సు చూస్తే బై, ఎన్‌సీ, ఎన్‌డీ. “దీన్ని మీరు చదివి క్లాసులో చెప్పండి సార్. ముట్టుకోవడానికి మాత్రం లేదు” అన్నాను. ఆయనకు నచ్చలేదు. “ఉచితంగా ఇచ్చినంక మళ్ల ఈ తాళమెందుకు మేడం?” అన్నాడు. రాసినవాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. తమ పేరు మీద ఎవరో తప్పులు రాస్తారన్న భయం అందరికీ ఉండేదే. దాని గురించి చివర్లో మళ్లీ చెప్తాను.

రెండో ఎంపిక ఓపెన్‌స్టాక్స్ వారి ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్’. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్లది. అక్కడి ప్రొఫెసర్ రిచర్డ్ బరానియుక్ 1999లో కనెక్షన్స్ పేరుతో పాఠాలను ముక్కలుముక్కలుగా పంచుకునే ఏర్పాటు చేశాడు. అదే 2012 నుంచి పూర్తి పాఠ్యపుస్తకాలయింది. ఆ పుస్తకం శైలి చప్పగా ఉంటుంది. చదివి ఎగిరి గంతేసేవాళ్లు ఉండరు. లైసెన్సు మాత్రం సీసీ బై.

సిలబస్ కాగితాన్ని దాని పక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఈ పనిలో గూగుల్‌లో పేపర్ పేరు కొట్టడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. యూనిట్‌లో రెండు కామాల మధ్య ఉన్న ప్రతి మాటనూ విడివిడిగా వెతకాలి. మన సిలబస్‌లో ‘వినియోగదారుని ప్రవర్తన సిద్ధాంతం’ అని ఉన్నది అక్కడ ‘కన్స్యూమర్ చాయిసెస్’ అధ్యాయం. మన దగ్గర ఒక యూనిట్‌లో సగం ఆక్రమించే ఉదాసీనతా వక్రరేఖలు అక్కడ పుస్తకం వెనక అనుబంధంలో ఉన్నాయి. విషయసూచిక ఒక్కటి చూసి ‘ఇందులో లేవు’ అని పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. నేను పెద్ద కాగితం మీద గళ్లు గీసి యూనిట్, దొరికిన చోటు, లైసెన్సు రాస్తాను. చివరి గడి ‘ఏం మార్చాలి’ అన్నది. అది లెక్చరర్ నింపాలి. ఆ గడి ఖాళీగా తిరిగొస్తే ఆ పుస్తకం క్లాసులోకి పోలేదని నాకు అర్థమైపోతుంది.

ఎకనామిక్స్ సార్ మాత్రం నింపాడు. రెండో అధ్యాయంలో అల్ఫాన్సో అనే కుర్రాడు వస్తాడు. (మామిడిపండు పేరేంటని క్లాసులో నవ్వారట.) అతని దగ్గర వారానికి పది డాలర్లు. బర్గర్ రెండు డాలర్లు, బస్సు టికెట్ అర డాలరు. డబ్బంతా తిండికే పెడితే ఐదు బర్గర్లు, బస్సుకే పెడితే ఇరవై టికెట్లు. ఒక బర్గర్ తిన్నాడంటే నాలుగు బస్సు ప్రయాణాలు వదులుకున్నట్టు. అదే అవకాశ వ్యయం. సార్ అల్ఫాన్సోను తీసేసి వారానికి రెండు వందల రూపాయలు పాకెట్ మనీ ఉన్న మా కాలేజీ పిల్లను పెట్టాడు. ప్లేటు మిర్చీలు నలభై, పల్లెవెలుగు బస్సు టికెట్ పది. అప్పుడూ ఐదు ప్లేట్లు లేదా ఇరవై టికెట్లే. నిష్పత్తి మారలేదు కాబట్టి గ్రాఫులో ఒక్క చుక్క కూడా జరపనక్కర్లేదు. పక్కనున్న పేర్లు మారిస్తే చాలు.

క్లాసులో ముందు బెంచీ అమ్మాయి లేచి, “సార్, మాకు జీరో టికెట్ కద!” అన్నదట. నిజమే కదా. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు టికెట్‌కు పైసా ఇవ్వరు. సార్ అక్కడికక్కడే బోర్డు మీద రెండు గీతలు గీశాడు. మగపిల్లవాడి బడ్జెట్ రేఖ ఐదు ప్లేట్ల దగ్గర మొదలై కిందికి వాలి ఇరవై టికెట్ల దగ్గర నేలను తాకుతుంది. ఆడపిల్లది ఐదు దగ్గర మొదలై అడ్డంగా పోతూనే ఉంటుంది. ఎన్నిసార్లు బస్సెక్కినా మిర్చీల ప్లేటు ఒక్కటీ తగ్గదు. అంతలో ఇంకొకరు, బస్సు కోసం గంట నిలబడితే అది ఖర్చు కాదా అని అడిగారు. ఆ గంట ధర ఎంతన్న దాని మీదే మిగతా పీరియడంతా గడిచిందట. మర్నాడు సార్ వచ్చి ఆ రెండు గీతలనూ మా ఫైల్లో చేర్పించాడు. మగపిల్లలకు బస్సు, షేర్ ఆటో రెండిటితో అభ్యాసం లెక్కలు రాశాడు. ఎన్‌డీ ఉన్న పుస్తకమైతే ఆ పాఠం బోర్డు మీదే చెరిగిపోయేది. వచ్చే ఏడాది పిల్లల దాకా పోయేది కాదు.

మార్చిన అధ్యాయం మొదటి పేజీలో మూల పుస్తకం పేరు, రాసినవాళ్ల పేర్లు, దొరికిన చోటు, లైసెన్సు, మేమేం మార్చామన్నది ఐదు వరుసల్లో వేశాం. ఈ ఐదు వరుసలు లేకుండా ఏ ఫైలునూ నా టేబుల్ దాటనివ్వను. నాది చాదస్తం అనేవాళ్లున్నారు. అననీ.

మొత్తం పుస్తకం వందల పేజీలు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటాలో రీల్స్ పోను మిగిలేదెంతో మనకు తెలియనిది కాదు. అందుకని అధ్యాయాలుగా విడదీసి, ఫోన్‌లో పట్టేలా అక్షరం పెంచి గ్రూపులో వేస్తాం. కాగితం మీదే చదివేవాళ్ల కోసం కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఒక కాపీ ఇచ్చిపెట్టాను. షాపాయన ఆ లైసెన్సు వరుసలు రెండుసార్లు చదివించుకుని, “రేపు కేసైతే మీ పేరు చెప్త మేడం” అన్నాడు. సీసీ బై కాబట్టి ఆయన స్పైరల్ బైండింగ్ చేసి లాభానికి అమ్ముకున్నా అడిగేవాడు లేడు. ఎన్‌సీ ఉన్నవాటి విషయంలో నాకు ఒకప్పుడు అనుమానం ఉండేది. అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే సంస్థ ఇదే తగువు మీద ఫెడెక్స్ ఆఫీస్ అనే జిరాక్స్ షాపుల సంస్థను కోర్టుకు లాగింది. బడులు తమ పిల్లల కోసం ఇచ్చిన ఎన్‌సీ పాఠాలను షాపు డబ్బులు తీసుకుని కాపీలు తీస్తే షరతు మీరినట్టు కాదని 2018లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. అది మన కోర్టు కాదు, కానీ వాదన సబబుగానే ఉంది.

సైన్స్ వాళ్లతో నాకు పెద్దగా పనిలేదు. ఫిజిక్స్ మేడంకు కొలరాడో యూనివర్సిటీ వారి ఫెట్ సిమ్యులేషన్లు చూపించాను. కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. వాటిని ల్యాబ్ కంప్యూటర్లలోకి దించిపెట్టాక నెట్ లేని రోజున కూడా నడుస్తున్నాయి. కెమిస్ట్రీకి లిబ్రెటెక్స్ట్స్ అనే ఉచిత పాఠ్యపుస్తకాల సైటు. కంప్యూటర్ల వాళ్లకు ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగు ఆడియోతో దొరుకుతాయి, సీసీ బై ఎస్ఏ. ఒక్కోటి పది నిమిషాల లోపే ఉంటుంది. పిల్లలు పక్కన కిటికీ తెరుచుకుని చూస్తూ చేస్తూ పోతారు.

కామర్స్ దగ్గరే చేతులెత్తేశాను. ఓపెన్‌స్టాక్స్‌కు అకౌంటింగ్ పుస్తకం ఉంది, కానీ అది అమెరికా పద్ధతులది. ఆదాయపు పన్ను పేపర్‌కు బయటి పుస్తకం ఎలాగూ పనికిరాదు. మనదైనా ఏటా పాతబడుతుంది. 1961 చట్టం పోయి 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో అరలో ఉన్నవన్నీ ఒక్కసారిగా చరిత్ర పుస్తకాలైపోయాయి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన స్టడీ మెటీరియల్‌ను వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. హక్కులు మాత్రం వాళ్లవే. లింకు ఇచ్చి ఊరుకుంటాను.

తెలుగు సంగతి వేరే ఉంది. మా పిల్లల్లో చాలామంది పాఠం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లిష్‌లో పరీక్ష రాస్తారు. కొందరు రెండూ తెలుగులోనే. మా ఎకనామిక్స్ పుస్తకం సీసీ బై కాబట్టి అనువాదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, యంత్రానికి ఇస్తే క్షణంలో చేసి ఇస్తుంది. కాకపోతే దానికి తెలుగు అకాడమీ పరిభాష తెలియదు. డిమాండ్ వ్యాకోచత్వం అని పిల్లలు ఇంటర్ నుంచీ చదివినదాన్ని ఫిజిక్స్ మాటతో స్థితిస్థాపకత అంటుంది. అకాడమీ పదాలను ఒక పట్టీగా రాసి గోడకు అంటించాం. యంత్రం ఇచ్చినదాన్ని ఆ పట్టీతో సరిచూసి, ఒక్కో వాక్యం పైకి చదివి మారుస్తాం. వారానికి రెండు పేజీలు సాగితే గొప్ప.

ఆ మధ్య తనిఖీకి వచ్చిన బృందం లైబ్రరీకి ఈ ఏడాది పుస్తకాల మీద ఖర్చెంత అని అడిగింది. చెప్పాను. “మరీ తక్కువగా ఉంది” అని రాసుకున్నారు. మా అధ్యాయాలు తీసి చూపించబోతే, వాటికి బిల్లు ఉందా అన్నారు. ఖర్చు లేనిదాన్ని చూపించడానికి వాళ్ల ఫారంలో గడి లేదు. నేను యాక్సెషన్ రిజిస్టర్ పక్కన ఇంకో రిజిస్టర్ పెట్టి వీటికి నా సొంత నంబర్లు వేసుకుంటున్నాను.

ఇప్పుడు ఎకనామిక్స్ సార్‌కూ నాకూ మధ్య నడుస్తున్న తగువు ఒకటుంది. ఓపెన్‌స్టాక్స్ నుంచి తీసుకున్నవాటిని పక్కన పెడితే, ఆయన సొంతంగా రాసిన నోట్సు మీద ఏ లైసెన్సు వేయాలి? ఇంకొకరి తాళం మీద అంత చిరాకు పడిన మనిషి, తనదాకా వచ్చేసరికి, “గైడోళ్లు మొత్తం ఎత్తుకపోయి అచ్చేసుకుంటే?” అన్నాడు. ఎన్‌డీ వేద్దామన్నాడు కూడా. నేను ఎస్ఏ వేయమన్నాను. గైడువాడు వాడుకుంటే మీ పేరు వేయాలి, మార్చి వేసినదాన్ని అందరికీ అదే షరతుతో వదిలేయాలి. సర్వహక్కులూ మావేనని వెనక అట్ట మీద వేసుకుని బతికేవాడు దాన్ని ముట్టుకోడు. ఒకవేళ ముట్టుకుంటే మనకు మంచిదే. సార్ వారం పాటు ఆలోచించి వినియోగదారుని యూనిట్‌కు ఎస్ఏ ఒప్పుకున్నాడు. మిగతావి చూద్దామన్నాడు.

అవి తేలకముందే తెలంగాణ ఆర్థిక వ్యవస్థ పేపర్ వచ్చి పడింది. దానికి మార్చుకోవడానికి వీలైన పుస్తకం నేను ఎక్కడా చూడలేదు. హ్యూస్టన్‌లో కూర్చుని ఎవరూ రాయరు కదా. సార్ దగ్గర చేతిరాత నోట్సు ఉంది. ఇంటర్నల్స్ అయ్యాక టైపు చేయిస్తానన్నాడు. అంకెల కోసం ప్రణాళిక శాఖ ఏటా తెచ్చే సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్‌లు దించి, సాగునీరు, పంటలు, జిల్లాల ఆదాయం పట్టికల పేజీలకు నేను గుర్తులు పెడుతున్నాను. ‘ఏం మార్చాలి’ అన్న గడికి ఈసారి పని లేదు. దాని చోట ‘ఎవరు రాయాలి’ అని వేశాను. సార్ పేరు రెండు యూనిట్ల ఎదుట ఉంది. మిగతా వాటికి పక్క ఊరి కాలేజీ మేడంను అడిగాం, ఆలోచించి చెప్తానన్నది.